పెద్దసారు పోసిన చాయ్

“మేడం, మన పెద్దసారు పోయిండు. ఆదివారం బడిలనే సంతాప సభ పెడ్తున్నం. తర్వాత చిన్న పుస్తకం గూడ ఏస్తం. మీరు ఆయనతోని పనిచేసిన్రు గద, నాలుగు మంచి మాటలు రాసియ్యున్రి” అని ఫోన్ చేశాడు పాత విద్యార్థుల సంఘం చూసుకునే అబ్బాయి. రాసిస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక వంటింట్లోకి వెళ్ళి అవసరానికి మించిన చప్పుడుతో గిన్నెలు తోమాను. ఆయన పోయాడన్న బాధ లేక కాదు. ఉంది. దానికంటే కోపం ఎక్కువుంది. ఇన్నేళ్ళయినా చల్లారలేదు, మనిషి పోయినా పోలేదు.

నాలుగు మంచి మాటలు నిజంగానే ఉన్నాయి. ముందు అవి చెప్పేస్తాను. పుస్తకం వేసేవాళ్ళకు కావలసింది అంతే కనుక అక్కడికి కత్తిరించుకోవచ్చు.

పెద్దసారు, అంటే మా హెడ్మాస్టరు, ఏ పిల్లవాడి మీదా చెయ్యెత్తలేదు. గొంతు కూడా ఎత్తేవాడు కాదు. ఆరో తరగతి పిల్లలను సైతం “నాయనా”, “అమ్మా” అనే పిలిచేవాడు. పొద్దున మా అందరికంటే ముందు వచ్చి గేటు దగ్గర నిలబడేవాడు. వానాకాలం బడి ముందు రోడ్డు మీద కంపెనీల లారీలు చేసిన గుంతల్లో నీళ్ళు నిలిస్తే, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చిన్నపిల్లల చేతులు పట్టుకుని ఒక్కొక్కరినే దాటించేవాడు. కింద పడిన చాక్‌పీసు ముక్కలు ఏరి జేబులో వేసుకునేవాడు. అందుకే ఆయన చొక్కా జేబు ఎప్పుడూ సుద్ద కొట్టుకుని ఉండేది. బోర్డు కనపడటం లేదని ఏ పిల్లయినా అంటే తనే సంగారెడ్డి తీసుకెళ్ళి కళ్ళద్దాలు ఇప్పించేవాడు. ప్రతి పిల్ల తల్లి పేరూ ఆయనకు తెలుసు. తండ్రి ఏ కంపెనీలో ఏ షిఫ్టు చేస్తాడో కూడా తెలుసు.

మాట్లాడే ముందు కళ్ళద్దాలు తీసి, రుమాలుతో తీరుబడిగా తుడిచి, మళ్ళీ పెట్టుకుని, అప్పుడు మొదలుపెట్టేవాడు. ఆ తుడిచేసేపట్లో ఎదుటివాళ్ళ కోపం సగం దిగిపోయేది. నాది మాత్రం ఇంకాస్త ఎక్కేది. “మీకు గణితం మంచిగ వచ్చు మేడం. ఓపికనే రాదు” అనేవాడు నవ్వుతూ. స్టాఫ్ రూములో నన్ను గయ్యాళి అనుకునేవారని నాకు తెలుసు. ఆయన మాత్రం ఎప్పుడూ అనలేదు, అననివ్వలేదు. అదీ మంచి మాటల్లోనే వేసుకోండి.

దుర్మార్గుడై ఉంటే ఇదంతా రాయడం ఎంత తేలికయ్యేది!

ఆ ఊరి పేరు రాయను. ఇస్నాపూర్ దాటాక మెయిన్ రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది. పేరుకే ఊరు. పొలాలు ప్లాట్లయి, ప్లాట్లలో రేకుల కప్పుల కింద వరసగా కిరాయి గదులు లేచాయి. వాటిని లైన్లు అంటారు. ఆ లైన్లలో మందుల కంపెనీల్లోనూ ఇనుము కరిగించే కంపెనీల్లోనూ పనిచేసేవాళ్ళు ఉంటారు. బీహారు నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు, నారాయణఖేడ్ వైపు తండాల నుంచి వచ్చినవాళ్ళు, సంగారెడ్డి అవతల కొండాపూర్ దిక్కున ఉన్న పొలం అమ్ముకుని వచ్చినవాళ్ళు. వాళ్ళ పిల్లలకు దిక్కు మా జిల్లా పరిషత్తు హైస్కూలే. ఆరో తరగతిలో పిల్లలు బెంచీల మీద ఒకరినొకరు తోసుకుంటూ, ఒక కాలు బయటపెట్టి కూర్చునేవారు. పదో తరగతికి వచ్చేసరికి బెంచీలు విశాలంగా, హాయిగా ఉండేవి. బదిలీ మీద వెళ్ళిన కొత్తలో ఆ హాయి చూసి, ఆ రోజు పిల్లలు సరిగ్గా రాలేదేమో అనుకున్నాను.

పదో తరగతి ఫలితం మాత్రం ఏటా నూటికి నూరు. అందుకే మా బడికి జిల్లాలో పేరు. ఆయనకు శాలువాల మీద శాలువాలు. పక్క మండలాల హెడ్మాస్టర్లు వచ్చి మీ రహస్యం ఏంటని అడిగేవారు. “పిల్లలను సొంత పిల్లల లెక్క చూసుకోవాలె. అంతనే” అనేవాడు కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

నేను ఏడో తరగతికి శాతాలు చెప్పేటప్పుడు మొట్టమొదట నేర్పే సంగతి ఒకటుంది. ఎవరైనా మీకు శాతం చెబితే, “ఎంతమందిలో?” అని అడగండి అంటాను. ఏడో తరగతి పిల్లలు అడుగుతారు. మా జిల్లా మొత్తంలో పెద్దవాళ్ళు ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. ఆరో తరగతిలో చేరినవాళ్ళలో ఎంతమంది పది గట్టెక్కారన్నది ఎవరికీ పట్టదు. పరీక్ష రాసినవాళ్ళలో ఎంతమంది పాసయ్యారన్నదే లెక్క. రాయనివాళ్ళు అసలు లెక్కలోకే రారు. మరి వాళ్ళు రాయకుండా ఎటు పోతున్నారు? అది తెలియడానికి నేను ఒక చాయ్ చూడాల్సి వచ్చింది.

దసరా సెలవులు అయ్యాక, పబ్లిక్ పరీక్షకు పిల్లల పేర్లు పంపే రోజులు దగ్గరపడగానే, పెద్దసారు ఇంటి నుంచి ఒక పెద్ద ఫ్లాస్కు తెచ్చేవాడు. వాళ్ళావిడ అల్లం, యాలకులు దంచి వేసి చేసిన చాయ్. వరండా అంతా ఘుమఘుమలాడేది. మాకు పోసేవాడు కాదు. అది పదో తరగతి పిల్లల తల్లిదండ్రులకు. అదీ అందరికీ కాదు, “అటు ఇటు పిల్లల” తల్లిదండ్రులకు. పాసు కావచ్చు, కాకపోవచ్చు అన్న పిల్లలకు ఆయన పెట్టుకున్న పేరది.

నేను చూసిన మొదటిసారి, వచ్చినాయన కొండాపూర్ దిక్కు రైతు. ఇప్పుడు ఒక కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ. ఆ యూనిఫారంలోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పెద్దసారు లేచి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసి తీసుకొచ్చి తన ఎదురు కుర్చీలో కూర్చోబెట్టాడు. పువ్వుల కప్పులో తన చేత్తో చాయ్ పోశాడు. సాసర్లో రెండు ఉస్మానియా బిస్కెట్లు పెట్టాడు. అతను మొదటి గుక్క తాగేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. తాగాక కళ్ళద్దాలు తీశాడు.

“పిలగాడు బంగారం అసొంటోడు. కని చదువు మీద మనసు నిలుస్తలేదు. ఈడ రాసి ఫెయిలైతే ఇజ్జత్ పాయె, పిలగాని మనసు ఇరిగిపాయె. టీసీ తీస్కపోయి ఓపెన్ స్కూల్ల రాపిచ్చు నాయనా. ఏడాది లేటైన నిమ్మలంగ రాసుకుంటడు. నేను చెప్పేది మీ మంచికే గద.”

“మీరు ఎట్లంటే గట్లనే సార్” అని అతను సంతకం పెట్టాడు. టీసీ అంటే పిల్లవాడు బడి విడిచిపోతున్నాడని ఇచ్చే కాగితం. తల్లిదండ్రుల కోరిక మేరకు అని అందులో కారణం రాస్తారు. కోరిక ఎవరిదో నేను కళ్ళారా చూశాను.

వరండాలో నన్ను చూసి అతను దండం పెట్టాడు. ముఖం వెలిగిపోతోంది. “ఇంత పెద్దసారు నన్ను కుర్సీల కూసోవెట్టి, తన చేతితోని చాయ్ పోసిండు మేడం. మా కంపెనీల మేనేజరైతే ఎదురుంగ నిలబడనియ్యడు.”

నాకు ఒళ్ళు మండిపోయింది. మర్యాదకు మొహం వాచిపోయినవాళ్ళను చూసుకుని, ఒక కప్పు మర్యాద పోసి, వాళ్ళ పిల్లల చదువు తీసేసుకోవడం! అదే తిట్టి పంపితే అతను తిరగబడేవాడేమో, కనీసం ఊళ్ళో ఎవరినైనా వెంటపెట్టుకుని వచ్చేవాడేమో. చాయ్ తాగినవాడు ఎలా తిరగబడతాడు? వాళ్ళబ్బాయి ఆ మధ్యాహ్నం అన్నం తిని, సంచి తీసుకుని వెళ్ళిపోయాడు. ఓపెన్ స్కూలు సంగతి నేనే వెళ్ళి కనుక్కున్నాను. ఒక గోదాములో డబ్బాలకు టేపు అంటించే పనిలో కుదిరాడు. అలా వెళ్ళిపోయిన పిల్లల్లో ఓపెన్ స్కూల్లో పేరు రాయించుకున్నవాళ్ళు నాకు ఒక్కరు కూడా కనపడలేదు. ఎక్కువమంది లైన్ల పిల్లలు, ఇంట్లో హిందీయో ఒడియానో మాట్లాడేవాళ్ళు, తండాల పిల్లలు, తల్లి షిఫ్టుకు వెళితే తమ్ముణ్ణి చూసుకోవడానికి ఆగిపోయే ఆడపిల్లలు.

పెద్దసారు గదిలోకి వెళ్ళి అడిగేశాను. “వాళ్ళు టీసీ అడిగిన్రా సార్?”

“ఇష్టంతోనే సంతకం పెట్టిండు గద మేడం.”

“చాయ్ పోసి పెట్టిపిచ్చుకున్నరు.”

“మరి చాయ్ పొయ్యకుంట పంపుమంటరా?” అన్నాడు. ఎకసెక్కం కాదు, నిజంగానే అడిగాడు. ఇంటికొచ్చినవాళ్ళకు చాయ్ ఇవ్వకుండా పంపడం తప్పని నమ్మిన మనిషి. బడికొచ్చిన పిల్లకు పరీక్ష ఇవ్వకుండా పంపడం ఎందుకు తప్పు కాదో ఆ బుర్రకు ఎక్కలేదు.

ఆ ఏటి ఫలితాలు వచ్చాక సంగారెడ్డిలో జిల్లా హెడ్మాస్టర్లందరికీ సమీక్ష జరిగింది. గణితం గురించి అడుగుతారని నన్నూ వెంట తీసుకెళ్ళాడు. గోడ మీద తెర. ప్రతి బడికీ ఒక పట్టిక. బాలురు, బాలికలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ అంటూ గడులు. తక్కువ వచ్చిన గడికి ఎరుపు, నూరు వచ్చిన గడికి ఆకుపచ్చ. మా పట్టిక నిండా ఆకుపచ్చే. ఎస్టీ బాలికలు నూటికి నూరు అని చదవగానే హాలంతా చప్పట్లు. ఆ గడిలో ఉన్నది ఒక్క పిల్ల. ఒక్క పిల్ల రాసింది, ఒక్క పిల్ల పాసయింది, నూటికి నూరు అయిపోయింది. ఆ పిల్లతో పాటు ఆరో తరగతిలో చేరిన తండా ఆడపిల్లలు ఎక్కడున్నారో ఆ తెర మీద లేదు.

లేచి నిలబడ్డాను. “సార్, ఆరో తరగతిల ఎంతమంది చేరిన్రు, అండ్ల ఎంతమంది పాసైన్రు అని గూడ ఒక గడి పెట్టిపియ్యున్రి.”

ఆఫీసరు తల ఎత్తలేదు. “ఆ కాలమ్ మన ఫార్మాట్‌లో లేదు మేడం. నెక్స్ట్.”

నెక్స్ట్ అంటే ఇంకో బడి. అక్కడ ఎర్రగడి వచ్చింది. ఆ హెడ్మాస్టరును లేచి నిలబడమన్నారు. తల నెరిసిన మనిషి. హోంవర్కు చేయని పిల్లవాడిలా చేతులు కట్టుకుని, సమావేశం అయ్యేదాకా అలా నిలబడే ఉన్నాడు. ఆయన బడిలో ఎంతమందిని కూర్చోబెట్టి రాయించాడో ఎవరూ అడగలేదు.

తిరుగు బస్సులో పెద్దసారు నా పక్కన కూర్చున్నాడు. కంది దాటాక కళ్ళద్దాలు తీశాడు. “ఈ బడికొచ్చిన కొత్తల, నేను రాకముందటి రిజల్టుకు నన్ను గూడ గట్లనే నిలబెట్టిన్రు మేడం. నా కొడుకంత లేడు ఆ ఆఫీసరు. నా కింద పనిచేసేటోళ్ళు చూస్తున్నరు. ఆ దినం ఇంటికి వొయ్యి అన్నం ముట్టలే.”

జాలేసింది. నిజంగానే జాలేసింది. ఆ జాలి ఇస్నాపూర్ దాకా కూడా నిలవలేదు, ఎందుకంటే ఆయన దాని మీదే ఇంకో మాట అన్నాడు. “అప్పుడు సమజైంది నాకు. సున్నా అందరికి కనవడ్తది. ఖాళీ గడి ఎవ్వరికి కనవడది.”

మిగతా దారి అంతా కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాను. మాట్లాడితే బస్సులో అందరూ మా వైపు తిరిగేవాళ్ళు.

మరుసటి ఏడు పదో తరగతిలో మళ్ళీ ఒక్కతే తండా పిల్ల మిగిలింది. పొడుగు పిల్ల. వెనక బెంచీలో, గోడకు ఆనుకుని కూర్చునేది. తల్లి ఒక కంపెనీ క్యాంటీన్‌లో పనిచేసేది, తండ్రి ఫౌండ్రీలో. తల్లి నైట్ షిఫ్టు నుంచి వచ్చేదాకా తమ్ముణ్ణి చూసుకోవాలి కనుక రోజూ ప్రార్థన అయిపోయాకే వచ్చేది. పెద్దసారు గేటు దగ్గర ఆ పిల్లను ఒక్కమాట అనేవాడు కాదు, “జల్దీ పో అమ్మా” అనేవాడు అంతే. శాతాలు, సరాసరులు చకచకా చేసేది, బీజగణితం దగ్గర మాత్రం మొండికేసేది. తప్పు చేస్తే రబ్బరు పెట్టి చెరిపేది కాదు. అడ్డంగా గీత కొట్టి, పక్కన మళ్ళీ చేసేది. నోటుబుక్కు అంతా గీతలేంటే అని ఒకసారి కసిరాను. “చెరిపేస్తే ఏడ తప్పైందో ఎట్ల తెలుస్తది మేడం?” అంది. ఆ తర్వాత ఆ గీతల జోలికి పోలేదు.

క్వార్టర్లీ పరీక్షల్లో ఆ పిల్ల గణితం తప్పింది. ఫ్లాస్కు వచ్చింది. తల్లికి కబురు వెళ్ళింది.

ఆమె క్యాంటీన్ నుంచి నేరుగా వచ్చింది. నీలం ఏప్రాన్ ఇంకా విప్పలేదు. కూర్చోమనగానే కూర్చుంది, కుర్చీ అంచున కాదు, పూర్తిగా వెనక్కి. పెద్దసారు చాయ్ పోసి ముందు పెట్టాడు. మార్కులు చెప్పడానికి నన్నూ పిలిచాడు.

“తాగమ్మా.”

“వద్దు సారూ.”

“జెర తాగు. హోటల్ చాయ్ కాదు. మా ఇంట్లామె చేసింది.”

“వద్దు సారూ. ఎందుకు పిలిచిన్రో చెప్పున్రి.”

ఆయన చెప్పలేకపోయాడు. కళ్ళద్దాలు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు. మొదటి గుక్క పడితే తప్ప ఆయనకు మాట రాదన్న సంగతి ఆయనకే అప్పటిదాకా తెలియదేమో. చాయ్ మీద మీగడ కట్టింది.

“సల్లారుతుందమ్మా.”

“సల్లారనియ్యున్రి. మా బావకు గూడ గిట్లనే తాగిపిచ్చిన్రట. తాగొచ్చినంక మా అక్క కొడుకు మల్ల బడి మొకం చూడలే. మా లైన్ల అందరు అంటున్నరు సారూ, పెద్దసారు చాయ్ పోస్తే పిల్లల పేరు పోతదని.”

ఆయన ముఖం పాలిపోయింది. ఊళ్ళో తన చాయ్‌కి ఏం పేరుందో ఆ రోజే తెలిసింది. నాకూ ఆ రోజే తెలిసింది. తేరుకోవడానికి నా వైపు తిరిగాడు. “మీరే చెప్పున్రి మేడం. ఈ పిల్ల గణితంల పాసైతదా?”

“కావొచ్చు, కాకపోవచ్చు. నేను లెక్కలు చెప్త సార్, జాతకాలు చెప్ప.”

“ఒక్క పిల్ల మేడం! ఆ గడిల ఉన్నదే ఒక్క పిల్ల. తప్పితే సున్నా!”

ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “సున్నా ఏంది సారూ?”

ఆయన ఓపికగా చెప్పాడు. మంచి టీచరు కదా, ఎవరికైనా అర్థమయ్యేలా చెబుతాడు. ఆఫీసుకు పోయే పట్టికలో మీ కులం ఆడపిల్లలకు ఒక గడి ఉంటుంది. ఈ ఏడు అందులో మీ బిడ్డ ఒక్కతే. పాసైతే నూరు. తప్పితే సున్నా. రాయకపోతే ఆ గడిలో ఏమీ ఉండదు, ఎవరికీ తక్లీఫ్ లేదు. ఇంత చక్కగా, ఇంత సిగ్గులేకుండా ఆ సంగతి ఎవరైనా చెప్పగా నేను వినలేదు.

ఆమె అంతా విన్నది. “అంటె రాయకుంటె ఆ గడిల నా బిడ్డ లేనట్టే గద?”

“లేనట్టు అని కాదమ్మా...”

“లేనట్టే సారూ. రాయనియ్యున్రి. సున్నా వస్తే రానియ్యున్రి. సున్నా గూడ నా బిడ్డదే గద, ఎవలకో ఎందుకు ఇడిచిపెడ్త?” అని లేచింది. “డ్యూటీ ఉన్నది, పోత” అని నాకు దండం పెట్టి వెళ్ళిపోయింది. ఆ కప్పు అలాగే ఉంది, బిస్కెట్లు అలాగే ఉన్నాయి. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. ఆ పిల్ల పేరు పంపకపోతే సంగారెడ్డి ఆఫీసు ముందు కూర్చుంటానని ఆయనకు అప్పుడే చెప్పాను. కూర్చునేదాన్నే, ఆ సంగతి ఆయనకూ తెలుసు.

ఆమె క్యాంటీన్‌లో ఏం చెప్పిందో, లైన్లలో ఎలా పాకిందో, ఆ తర్వాత వచ్చిన తల్లిదండ్రులు ఒక్కరూ ఆ చాయ్ ముట్టలేదు. ఒకాయన కడుపులో మంట అన్నాడు. ఒకావిడ ఉపవాసం అంది. ఒడిశా ఆయనైతే “నై సార్, నై సార్” అంటూ కుర్చీ దరిదాపులకు కూడా రాలేదు. కొండాపూర్ ఆయన మాట గుర్తొచ్చింది. జీవితంలో ఒక్కసారి దొరికిన మర్యాద కోసం అతను ఎంత ఇచ్చుకున్నాడో! ఫ్లాస్కు నిండుగా వచ్చి నిండుగా తిరిగి వెళ్ళింది. మా పదో తరగతిలో ఉన్న పిల్లలందరి పేర్లూ ఆ ఏడు పరీక్షకు వెళ్ళాయి. మా బడికి అది ఎన్నో ఏళ్ళుగా అలవాటు లేని పని.

చదివించాం. పెద్దసారు కూడా చదివించాడు, అబద్ధమెందుకు చెప్పాలి. సాయంత్రం ప్రత్యేక తరగతుల్లో నా పక్కనే కూర్చుని ఇంగ్లీషు గ్రామరు చెప్పేవాడు. కానీ ఆ పొడుగు పిల్ల వైపు చూసినప్పుడల్లా ఆయన కళ్ళల్లో ఆ పిల్ల కాదు, గడి కనపడేది.

ఫలితాలు వచ్చాయి. కొందరు తప్పారు. ఆయన అటు ఇటు అన్నవాళ్ళలో చాలామంది గట్టెక్కారు. ఇది నేను పదేపదే చెబుతాను, ఎవరు విన్నా వినకపోయినా. అంతకుముందు ఏ ఏడూ మా బడి నుంచి అంతమంది పిల్లలు పది పాసవలేదు. పాసైన పిల్లలు పెరిగారు, శాతం పడిపోయింది. మా ఊళ్ళో ఎక్కువ ఇళ్ళల్లో సంతోషం వచ్చిన ఏడు అది. మా బడికి తలవంపులు వచ్చిన ఏడు కూడా అదే. ఇంతకంటే దిక్కుమాలిన లెక్క ఉంటుందా?

ఆ పిల్ల గణితం ఒక్కటే తప్పింది.

తప్పినవాళ్ళు ఆ రోజు బడి ఛాయలకు రారు. ఆ పిల్ల వచ్చింది. పెద్దసారు గది గుమ్మంలో నిలబడి, “సార్, సప్లిమెంటరీకి పేరు ఎప్పుడు ఇయ్యాలె?” అని అడిగింది.

గొంతెత్తడం తెలియని మనిషి అప్పుడు ఎత్తాడు. వరండా చివర ఉన్న నాకు వినపడింది. “సిగ్గున్నదా నీకు? ఇన్నేండ్ల పేరు మన్నుల కలిపినవు! నీ ఒక్కదానితోని ఎస్టీ గర్ల్స్ సున్నా!”

నేను పరుగున వెళ్ళేసరికి ఆ పిల్ల అలాగే నిలబడి ఉంది. ఏడవలేదు. “నాకు ఒక్క సబ్జెక్టే పోయింది సార్. మిగిలినయి అన్ని పాసైన” అంది, ఆయనకు తెలియదేమో అన్నట్టు.

తర్వాత నేను ఆయనతో అన్న మాటలు ఇక్కడ రాయను. ఈ పుస్తకం పిల్లల చేతుల్లో పడుతుంది. నేను ఆపాక ఆయన కూలబడి కళ్ళద్దాలు తీశాడు. తుడుచుకోలేదు. “నన్ను మల్ల నిలబెడ్తరు మేడం” అన్నాడు. నిలబెట్టారు కూడా, అదే హాల్లో. ఈసారి నన్ను వెంట తీసుకెళ్ళలేదు. నేనుంటే ఎక్కువమంది పాసయ్యారని అరిచి చెప్పేదాన్ని. నెక్స్ట్ అనేవారు, అది వేరే సంగతి. ఆయనను అలా తయారుచేసి, ఆకుపచ్చ గడులు చూసి చప్పట్లు కొట్టి, ఎవరిని తుడిచేసి ఆ రంగు వేశావని ఏనాడూ అడగని వాళ్ళందరినీ వదిలేసి ఆయన ఒక్కడి మీదే కోపం చూపించడం న్యాయం కాదు. నాకు తెలుసు. కానీ ఆ హాల్లో కూర్చున్నవాళ్ళ ముఖాలు నాకు గుర్తు లేవు. ఈయన ముఖం గుర్తుంది. ఆ పిల్ల ముందు ఎర్రబడిన ముఖం.

సప్లిమెంటరీలో ఆ పిల్ల పాసయింది. మార్కుల మెమో తీసుకోవడానికి వస్తే ఆయనే సంతకం చేసి ఇచ్చాడు, “మంచిగ చదువుకో అమ్మా” అన్నాడు, మళ్ళీ మునుపటి గొంతుతో. తెర మీద పట్టిక మాత్రం మార్చి నెల పరీక్షలది. సప్లిమెంటరీ అందులోకి ఎక్కదు. ఆ గడిలో సున్నా సున్నాగానే ఉండిపోయింది.

ఆ ఏడుతో ఆయన ఒక పాఠం నేర్చుకున్నాడు. పదో తరగతి దాకా రానిస్తే తల్లిదండ్రులు మాట వినరని. అప్పటి నుంచి ఫ్లాస్కు ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్ళకోసం రావడం మొదలైంది. లైన్లలోకి కొత్తగా వచ్చినవాళ్ళకు పాత కథ తెలియదు కదా. మళ్ళీ నూరు వచ్చింది. ఎస్టీ బాలికల గడి ఖాళీ. నాకు బదిలీ వచ్చింది, నేను అడగలేదు. వీడ్కోలు సభలో ఆయనే నాకు శాలువా కప్పి, “మేడం అసొంటి గణితం టీచరు మల్ల మనకు దొరకది” అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి. ఆ నీళ్ళు నిజమే. అదే నాకు భరించరానిది.

ఆదివారం సభకు వెళ్ళాను. బడి ముందు షామియానా, నిండా జనం. ఒకాయన సారు తనకు కళ్ళద్దాలు ఇప్పించాడని చెబుతూ ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది. జనంలో ఆ పొడుగు పిల్ల కనపడింది. ఇంటర్ అయ్యాక డిగ్రీ చదువుతూ ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తోందట. డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. “నువ్వెందుకొచ్చినవే?” అని అడిగేశాను. “పెద్దసారు గద మేడం, రావాలె” అంది.

పూలదండ వేసిన ఫోటో పక్కన పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఆయన ఆ బడిలో పనిచేసిన సంవత్సరాలు ఒకదాని కింద ఒకటి, ప్రతిదాని పక్కన నూరు శాతం. ఆ పిల్ల దాని ముందు నిలబడి పైనుంచి కిందకు చదివింది. మళ్ళీ కిందనుంచి పైకి చదివింది. నాకు ఫోన్ చేసిన అబ్బాయి అక్కడే కుర్చీలు సర్దుతున్నాడు.

“అన్నా, ఈడ ఒక ఏడు లేదు.”

అతను తలెత్తి చూసి గొంతు తగ్గించాడు. “ఆ ఏడు రిజల్ట్ మంచిగ రాలేదమ్మా. సారుకు అదొక్కటే మచ్చ. ఎందుకు పెట్టుడని తీసేసినం.”

ఆ పిల్ల ఫ్లెక్సీ మీద నుంచి చూపు తిప్పలేదు.

“ఆ ఏడు అందరం రాసినమన్నా” అంది.